నిలిచి ఉన్న ఇంటికి కాగితం: నోటీసు రాకముందే చేయవలసిన పని

(చిక్కడపల్లిలో కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము నలుగురం విశ్రాంత ఉద్యోగులం. ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ కార్యాలయాలలో ఫైళ్ల మధ్య జీవించినవాళ్లం. ఇప్పుడు ఆదివారాలలో చిక్కడపల్లి, అశోక్‌నగర్, నారాయణగూడ గల్లీలలోని కుటుంబాలవారు తెచ్చే కాగితాలు చదివి, వాటిలో ఏముందో వివరించి, జవాబు వ్రాసిపెట్టే పని చేస్తున్నాము. గతంలో పింఛను, రేషన్ కార్డు, విద్యార్థి వేతనం వంటి కాగితాలే ఎక్కువగా వచ్చేవి. ఈ మధ్య ఇంటి కాగితాలు ఎక్కువయ్యాయి. ఇల్లు కట్టి ఇరవై, ముప్పై ఏళ్లయినవారు వచ్చి, "మా ఇంటికి అనుమతి ఉన్నట్టా, లేనట్టా?" అని అడుగుతున్నారు. ఆ ప్రశ్న గురించే ఈ రోజు మాట్లాడదలచుకున్నాము.

ముందుగా మా తప్పు చెప్పుకోవడం న్యాయం. మాలో ఒకరి ఇల్లు ఈ బస్తీలోనే, తొంభై గజాల స్థలంలో ఉంది. తండ్రిగారు కట్టిన ఇంటిపై 1994లో రెండు గదులు వేశాము. అనుమతి తీసుకోలేదు. "మన ఇంటిపై మనం వేసుకునే గదికి ఎవరిని అడగాలి?" అని మేస్త్రీ అన్నాడు. ఆ మాట మాకు నచ్చింది. 2007 డిసెంబరు 31న జీవో 901 ద్వారా భవనాల క్రమబద్ధీకరణ పథకం వచ్చింది. జనం దానిని బీపీఎస్ అన్నారు. 1985 జనవరి 1 నుండి 2007 డిసెంబరు 15 వరకు అనుమతి లేకుండా కట్టినవాటికి, ప్లాన్‌ను దాటి కట్టినవాటికి అది వర్తించింది. మేమూ దరఖాస్తు చేసి, కొంత రుసుము కట్టాము. కొన్ని నెలల తరువాత పాత దస్తావేజు నకలు, ఇంటి కొలతల పటం పంపమని ఒక లేఖ వచ్చింది. దానిని బీరువాలో పెట్టి మరచిపోయాము.

ఏళ్లు గడిచాయి. మా అమ్మాయి ఇంటి మరమ్మతులకు బ్యాంకు రుణం అడిగితే, మంజూరైన ప్లాన్ చూపమన్నారు. అప్పుడు సమాచార హక్కు చట్టం క్రింద మా దరఖాస్తు సంగతి అడిగాము. "దరఖాస్తుదారు నుండి జవాబు రానందున ఫైలు ముగించడమైనది" అని ఒకే వాక్యం వచ్చింది. ఉద్యోగకాలంలో అలాంటి వాక్యాన్ని ఇతరుల ఫైళ్లపై మేము ఎన్నిసార్లు వ్రాశామో లెక్క లేదు. అది చదివే ఇంటిలో ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది. అందుకే ఈ మాటలు మీకు ఉపదేశంగా గాక, దెబ్బ తిన్నవారి హెచ్చరికగా చెబుతున్నాము.

మన ఇళ్లలో అందరికీ ఉన్న ఒక అపోహను మొదట తొలగించుకుందాం. ఇంటి నంబరు ఉంది, ఆస్తి పన్ను కడుతున్నాం, కరెంటు మీటరు ఉంది, నల్లా బిల్లు వస్తోంది. కావున ఇల్లు సక్రమమే అనుకుంటాం. పన్ను రసీదు పన్ను కట్టినట్టు మాత్రమే రుజువు చేస్తుంది. అది యాజమాన్య పత్రం కాదు, కట్టడానికి అనుమతి పత్రమూ కాదు. అనుమతి లేని కట్టడంపై మున్సిపాలిటీ జరిమానాతో కలిపి పన్ను వసూలు చేసినా, ఆ చెల్లింపుతో కట్టడం సక్రమం కాదు. అయినా ఆ పాత రసీదులను పారవేయకండి. ఇల్లు ఏ సంవత్సరానికి నిలిచి ఉందో చెప్పడానికి అవే సాక్ష్యం.

ఇంటికి సంబంధించి మూడు వేర్వేరు ప్రశ్నలున్నాయి. స్థలం ఎవరిది అన్నది మొదటిది. దీనికి రిజిస్టరు దస్తావేజు, వారసత్వ పత్రాలు జవాబు చెబుతాయి. కట్టడానికి అనుమతి ఉందా అన్నది రెండవది. దీనికి మంజూరైన ప్లాన్, నివాస యోగ్యతా పత్రం జవాబు. కట్టినది ఆ ప్లాన్ ప్రకారమే ఉందా అన్నది మూడవది. దీనికి టేపు పట్టుకొని కొలిస్తే తప్ప జవాబు దొరకదు. మా వద్దకు వచ్చేవారిలో ఎక్కువమందికి మొదటిదానికి సగం జవాబు ఉంటుంది. మిగిలిన రెండింటినీ ఎవరూ అడుగలేదు గనుక వారూ ఆలోచించలేదు.

అనుమతి ఏ పనికి కావాలి, ఏ పనికి అక్కరలేదు అన్నది కూడా తెలియాలి. సున్నం, రంగు, గచ్చు, తలుపుల మార్పు, ఊడిన ప్లాస్టరు బాగుచేయడం వంటి పనులకు ప్లాన్ అక్కరలేదు. భారం మోసే గోడను తీయడం, రేకుల కప్పు స్థానంలో స్లాబు వేయడం, బాల్కనీని గల్లీలోకి పెంచడం, కొత్త అంతస్తు వేయడం, ఇంటిని హాస్టలుగా మార్చడం వంటివి మరమ్మతులు కావు. అశోక్‌నగర్‌లో పోటీ పరీక్షల విద్యార్థుల కోసం ఎన్ని ఇళ్లు హాస్టళ్లయ్యాయో మీకు తెలుసు. పైన రేకుల గదులు వేసి ఆరుగురిని ఉంచితే అద్దె వస్తుంది. కాని వాడుక మారితే ఇంటి అనుమతితో హాస్టలు నడవదు. పైకి దిగడానికి ఒకే ఇరుకు మెట్ల దారి ఉంటే అందులో ఉన్న బిడ్డల ప్రాణాలకు మనమే జవాబుదారులం.

నిబంధనలన్నీ పేదవారిని వేధించడానికే అనుకోవడం పొరపాటు. 2025 మే 18న చార్మినార్ దగ్గరి గుల్జార్‌హౌజ్‌లో పాత ఇంటిలో మంటలు లేచి 17 మంది మరణించారు. ముందు ఖాళీ వదలడం, గాలి వచ్చే దారి, దిగే దారి అని ప్లాన్‌లో అడిగేవన్నీ అలాంటి రోజు కోసమే. 2012 ఏప్రిల్ 7న జీవో 168 ద్వారా వచ్చిన భవన నిబంధనలు చిన్న స్థలాలకు కొంత సడలింపు ఇచ్చాయి. 50 చదరపు మీటర్లలోపు స్థలంలో, చిన్న రోడ్డుపై, 7 మీటర్ల ఎత్తువరకు ఇల్లు కట్టుకునేవారు ముందు 1.5 మీటర్లు వదిలితే పక్కల వదలనక్కరలేదు. ఆ ముందరి జాగానే మనం మొదట మెట్లకు, దుకాణానికి వాడేస్తున్నాం.

కొత్తగా కట్టేవారికి దారి సులభమైంది. 2020లో వచ్చిన టీఎస్-బీపాస్ చట్టం ప్రకారం 75 గజాలవరకు స్థలంలో కింది అంతస్తు, దానిపై ఒక అంతస్తు కట్టుకునేవారికి అనుమతి అవసరం లేదు. ఒక్క రూపాయి రుసుముతో ఆన్‌లైన్‌లో నమోదు చేసుకుంటే చాలు. 500 చదరపు మీటర్లవరకు స్థలంలో, 10 మీటర్ల ఎత్తువరకు ఇళ్లకు స్వీయ ధ్రువీకరణపై వెంటనే అనుమతి వస్తుంది. అంతకు మించినవాటికి 21 రోజుల గడువు ఉంది. ఇంట్లో డిగ్రీ చదివిన ఆడపిల్లలు ఉంటే వారికే ఈ పని అప్పగించండి. మధ్యవర్తికి వేలు ఇవ్వనక్కరలేదు. స్వీయ ధ్రువీకరణ అంటే చెప్పిన ప్రతి కొలతకు మనమే పూచీ. అబద్ధం చెప్పి తెచ్చుకున్న అనుమతి మరుసటి రోజే మనకు ఎదురు తిరుగుతుంది.

అసలు చిక్కు ఇప్పటికే నిలిచి ఉన్న ఇంటితో. పై అంతస్తు వేయాలంటే కింది అంతస్తుకు మంజూరైన ప్లాన్ ఏదని అడుగుతారు. తాతల నాటి ఇంటికి ప్లాన్ ఎక్కడిది? ఇక్కడ మేము చెప్పేది ఇది. సమాచార హక్కు చట్టం క్రింద, పది రూపాయల రుసుముతో, మీ ఇంటి నంబరు వ్రాసి, దానిపై ఏ సంవత్సరంలోనైనా ప్లాన్ మంజూరైందా, ఉంటే ధ్రువీకరించిన నకలు ఇవ్వండి అని అడగండి. 30 రోజులలో జవాబు ఇవ్వాలి. ఉందని వస్తే మేలు. లేదని వస్తే అదీ ఒక కాగితమే. మన ఇల్లు ఏ స్థితిలో ఉందో మనకు తెలుస్తుంది.

ప్లాన్ లేని ఇళ్లవారు కట్టిన సంవత్సరాన్ని రుజువు చేసుకోవాలి. 2007 నాటి పథకంలోనూ, తెలంగాణ వచ్చిన తరువాత 2015 నవంబరు 2న జీవో 152 ద్వారా వచ్చిన బీఆర్ఎస్ పథకంలోనూ లెక్క 1985 జనవరి 1 నుండి మొదలవుతుంది. రెండవ పథకానికి చివరి తేదీ 2015 అక్టోబరు 28. ఆ దరఖాస్తులపై తుది ఉత్తర్వులు ఇవ్వరాదని హైకోర్టు నిలుపుదల చేయడంతో వేల కుటుంబాలు ఏళ్ల తరబడి వేచి ఉన్నాయి. మీలో ఎవరైనా దరఖాస్తు చేసి ఉంటే ఆ రసీదును ప్రాణం వలె దాచండి. 2015 తరువాత వేసిన అంతస్తుకు మాత్రం ఆ పథకం వర్తించదు. మరో పథకం వస్తుందన్న ఆశతో స్లాబు వేయకండి.

ఇక నోటీసు సంగతి. బుల్‌డోజరు అనే మాట వింటేనే మన ఇళ్లలో భయం. 2022 ఏప్రిల్‌లో ఢిల్లీ జహాంగీర్‌పురిలో జరిగినది టెలివిజన్‌లో చూసిన మన తల్లులు ఈనాటికీ మరువలేదు. నేరారోపణ వచ్చిందని ఇల్లు కూల్చడం శిక్షగా మారిన రోజులవి. 2024 నవంబరు 13న జస్టిస్ గవాయి, జస్టిస్ విశ్వనాథన్‌ల సుప్రీంకోర్టు ధర్మాసనం దానిపై తీర్పు చెప్పింది. నిందితుడైనా, దోషియైనా, ఆ కారణంగా ప్రభుత్వ యంత్రాంగం అతని ఇల్లు కూల్చరాదన్నది. నివాసపు హక్కు రాజ్యాంగం 21వ అధికరణలో భాగమన్నది.

ఆ తీర్పులో మనం గుర్తుపెట్టుకోవలసిన ఆచరణ విషయాలు ఇవి. ముందుగా సంజాయిషీ నోటీసు ఇవ్వాలి. అది రిజిస్టరు పోస్టులో పంపాలి, ఇంటికి అంటించాలి. జవాబుకు కనీసం 15 రోజులు, లేదా స్థానిక చట్టం చెప్పిన గడువు, ఏది ఎక్కువైతే అది ఇవ్వాలి. ఏ భాగం అక్రమం, ఏ నిబంధన తప్పింది అన్నది నోటీసులో ఉండాలి. యజమాని మాట స్వయంగా వినాలి. తుది ఉత్తర్వులో మన వాదన ఏమిటి, దానిని ఎందుకు అంగీకరించలేదు, రుసుముతో సరిదిద్దే అవకాశం ఉందా, కూల్చడం తప్ప వేరే దారి ఎందుకు లేదు అన్నది వ్రాయాలి. ఉత్తర్వు తరువాత మరో 15 రోజులు ఆగాలి. కూల్చివేతను వీడియో తీయాలి. ఈ నియమాలు మీరిన అధికారి తన స్వంత సొమ్ముతో నష్టం భర్తీ చేయవలసి ఉంటుంది.

ఈ రక్షణకు మినహాయింపులున్నాయి. రోడ్డు, వీధి, కాలిబాట, రైల్వే పట్టాల పక్క, నది లేదా జలాశయం వంటి బహిరంగ స్థలాలలోని కట్టడాలకు, న్యాయస్థానమే కూల్చమన్నవాటికి ఈ తీర్పు వర్తించదు. హుస్సేన్‌సాగర్ మిగులు నాలా మన అశోక్‌నగర్ పక్కనుండే పోతుంది. దాని అంచున ఉన్న కుటుంబాలు మరింత జాగ్రత్తగా ఉండాలి. 2024 జులైలో హైడ్రా ఏర్పడినప్పటి నుండి చెరువులు, నాలాలు, ప్రభుత్వ స్థలాలపై దృష్టి పెరిగింది.

మరొక మాట కూడా దాచకుండా చెప్పాలి. నవంబరు తీర్పు అక్రమ అంతస్తును సక్రమం చేయలేదు. అదే సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 17న మీరట్‌కు చెందిన మరొక కేసులో, ఎన్నేళ్లు గడిచినా, ఎంత సొమ్ము పెట్టినా, అధికారులు చూస్తూ ఊరుకున్నా, అనుమతి లేని కట్టడం సక్రమం కాదన్నది. మొదటి తీర్పు మనకు సమయమిస్తుంది. ఆ సమయాన్ని ఏం చేసుకుంటామన్నది మన చేతిలో ఉంది.

సమయం ఎంత విలువైనదో ప్రయాగ్‌రాజ్ కేసు చెబుతుంది. అక్కడ 2021 మార్చిలో ఒక న్యాయవాది, ఒక అధ్యాపకుడు, మరికొందరి ఇళ్లు కూల్చారు. నోటీసులు గోడలకు అంటించి ఊరుకున్నారు. రిజిస్టరు పోస్టులో లేఖ చేరింది మార్చి 6న, ఇళ్లు కూలింది మార్చి 7న. 2025 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు దానిని అమానుషమని, చట్టవిరుద్ధమని తేల్చి, ఒక్కొక్కరికి పది లక్షల రూపాయలు చెల్లించమన్నది. లేఖ ఎప్పుడు చేరింది అన్న తేదీయే ఆ కేసులో వారికి బలమైంది. మన బస్తీలో ఏం జరుగుతోంది? పోస్టుమాన్ రిజిస్టరు లేఖ తెస్తే తలుపు తీయరు. "ఇంట్లో లేరని వ్రాసి పంపేయండి" అంటారు. గత ఏడాది ఒక వితంతు సోదరి ఇంటికి ఇలాగే లేఖ వచ్చి తిరిగిపోయింది. తీసుకోకపోతే నోటీసు లేనట్టే అని బంధువు ఎవరో చెప్పారట. తిరస్కరించిన రిజిస్టరు లేఖ చట్టం దృష్టిలో అందినట్టే లెక్క. ఆమె మా వద్దకు వచ్చేసరికి జవాబు గడువులో రెండు రోజులే మిగిలాయి.

ఆ రెండు రోజులలో చేసినది పెద్ద పనేమీ కాదు. నోటీసు జీహెచ్ఎంసీ చట్టం 452వ సెక్షన్ క్రింద వచ్చింది. దానికి రెండు పుటల జవాబు వ్రాశాము. ఇల్లు ఎప్పటిది, రుజువులు ఏవి, పై గది ఎవరి వాడుకలో ఉంది, ముందరి రేకులు తామే తీసివేస్తామన్న హామీ, స్వయంగా విన్నవించుకునే అవకాశం కావాలన్న అభ్యర్థన అందులో ఉన్నాయి. కార్యాలయంలో ఇచ్చి, నకలుపై ముద్ర, తేదీ తీసుకున్నాము. మరొక ప్రతి రిజిస్టరు పోస్టులో పంపాము. ఆమె కుమారులే రేకులు విప్పారు. గల్లీ రెండడుగులు వెడల్పయింది. విచారణకు పిలుపు వచ్చింది. తుది నిర్ణయం ఇంకా రాలేదు. ఇల్లు నిలిచి ఉంది. ఆమె రాత్రి నిద్రపోగలుగుతోంది.

న్యాయవాదికి ఇవ్వడానికి సొమ్ము లేదని ఊరుకోకండి. 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం క్రింద స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. సిటీ సివిల్ కోర్టు ఆవరణలోని న్యాయ సేవా సంస్థలో దరఖాస్తు చేసుకోవచ్చు. 636వ సెక్షన్ క్రింద కట్టడం తొలగించే ఉత్తర్వు వచ్చినదంటే ఇక కాలయాపనకు చోటు లేదు. ఆ రోజే న్యాయవాదిని కలవాలి.

మన కుటుంబాలకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. అది హిబా, వారసత్వం. నోటి మాటపై దానం ఇచ్చి, స్వాధీనం చేస్తే హిబా పూర్తి అవుతుంది. దానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదని ఆంధ్రప్రదేశ్ నుండి వెళ్లిన హఫీజా బీబీ కేసులో 2011లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అది మన హక్కు. కాని ఆన్‌లైన్ దరఖాస్తులో రిజిస్టరు దస్తావేజు సంఖ్య అడిగే గడికి ఈ సంగతి తెలియదు. మేము చూసిన ఒక ఇంటిలో తండ్రి పై అంతస్తును పెద్దకొడుకుకు ఇచ్చానన్నాడు. విన్న సాక్షులిద్దరూ ఇప్పుడు లేరు. చెల్లెళ్లకు రావలసిన వాటా సంగతి ఎవరూ ఎత్తలేదు. అనుమతికి వారి సంతకాలు అవసరమైన రోజున ఆ మాట బయటపడి, అన్నాచెల్లెళ్ల మధ్య పలుకు లేకుండా పోయింది. తల్లిదండ్రులు బ్రతికి ఉండగానే ఇచ్చినది వ్రాతలో పెట్టండి, వీలైతే రిజిస్టరు చేయండి. ఆడబిడ్డల వాటాను ధర్మం నిర్ణయించింది. దానిని దాచిపెట్టి తెచ్చుకున్న ప్లాన్ మనకు నీడనివ్వదు.

ఈ మెట్రో రైలు మన చిక్కడపల్లి రోడ్డుపై 2020 ఫిబ్రవరి నుండి నడుస్తోంది. రోడ్డు వెడల్పుకు భూమి తీసుకున్నప్పుడైనా, బ్యాంకు రుణానికైనా, ఇల్లు అమ్మకానికైనా, మొదట అడిగేది పత్రాలే. కూల్చివేత భయం లేనివారికి కూడా ఈ కాగితం కావాలి. కావున ప్రతి ఇంటిలో ఒక ఫైలు పెట్టండి. దస్తావేజు, వారసత్వ ధ్రువపత్రం, మొదటి కరెంటు బిల్లు, పాత పన్ను రసీదులు, ప్లాన్ లేదా ప్లాన్ లేదన్న జవాబు, క్రమబద్ధీకరణ దరఖాస్తు రసీదు, ఇంటి ఛాయాచిత్రాలు తేదీలతో సహా అందులో ఉంచండి. అన్నింటికీ నకలు తీసి వేరొక ఇంటిలో దాచండి. ఆ ఫైలు ఎక్కడ ఉందో ఇంటి ఆడవారికి తప్పక తెలియాలి. అధికారులు వచ్చేది సాధారణంగా మగవారు పనికి పోయిన వేళలోనే.

ప్రభుత్వాన్ని కోరవలసినది కూడా ఉంది. ఏళ్లుగా ఆగిన దరఖాస్తులపై నిర్ణయం జరిగేలా చొరవ తీసుకోవాలి. తెలుగులోను, ఉర్దూలోను నోటీసులు ఇవ్వాలి. నివాసానికే వాడుకునే చిన్న ఇళ్లను, వ్యాపారం కోసం లేచిన అయిదంతస్తుల భవనాలను ఒకే కొలతతో చూడరాదు. ఈ కోరికలు మన ఒక్కరివే కావు. పక్క గల్లీలోని హిందూ సోదరుని ఇంటికీ ప్లాన్ లేదు, క్రైస్తవ సోదరి పై గదికీ అనుమతి లేదు. వారితో కలిసి వెళితే అర్జీకి బలం వస్తుంది. మన ఆదివారపు బల్ల వద్దకు వారూ వస్తున్నారు, రానివ్వండి.

దారిలోని ముల్లును తీయడం పుణ్యకార్యమని పసితనం నుండి విన్నవాళ్లం. మన మెట్టు దారిలో ముల్లు కాకూడదు. ఆ మెట్టును మనమే తీసుకున్నప్పుడు, మిగిలిన ఇంటి కోసం తలెత్తి వాదించగలం. ఈ సమావేశం ముగిసి ఇంటికి వెళ్లగానే బీరువా తెరవండి. మావలె మరచిపోయిన లేఖ ఏదైనా కనిపిస్తే, వచ్చే ఆదివారం తీసుకురండి. చదివి జవాబు వ్రాయడానికి మేము ఉంటాము. అల్లాహ్ మన ఇళ్లను, మన ఇరుగుపొరుగు ఇళ్లను సురక్షితంగా ఉంచుగాక. ఆమీన్.